రాయి మీద చెప్పులు

అది తప్పన్నా. నిన్న అందరి ముందు నోరు తెరవలేకపోయాను గానీ, మీరన్న మాట తప్పు. "రోడ్డు తెంపినోనికి ఇన్ని దండలేందిరా" అని విస్తరి ముందు కూర్చుని నవ్వుతూ అన్నారు. మీ పక్కనున్న నలుగురూ నవ్వారు. నేను వడ్డిస్తున్నాను. చేతిలో పప్పు బకెట్టు ఉంది. మీ విస్తట్లో ఇంకో గరిటె వేసి, ఏమీ విననట్టు పక్క విస్తరికి పోయాను. ఈ రోజు ఇలా రాసి జవాబు చెబుతున్నాను.

చదివేవాళ్ళకు సంగతి తెలియదు కాబట్టి ముందునుంచి చెప్పాలి. మా ఊరి రోడ్డు మేస్త్రీ పన్నెండు రోజుల కిందట చనిపోయాడు. నిన్న ఆయన దినం. ముప్పై ఏళ్ళు వంక నీళ్ళలో నడిచిన మనిషి, వంకలో చుక్క నీరు లేని రోజున, మధ్యాహ్నం సంగటి తిని మంచం మీద ఒరిగాడు. ఆయన భార్య, మా అత్త, చెంబుతో మజ్జిగ తెచ్చేసరికి లేడు. నాకు ఆయన రక్తసంబంధం కాదు. మా వీధిలో చివరి ఇల్లు వాళ్ళది, అందుకని మామా అని పిలిచేవాణ్ణి. నిన్న ఆ మాట అన్నది నేను ట్రాక్టరు తోలే బండల పాలిష్ ఫ్యాక్టరీ ఓనరు. చెడ్డవాడు కాదు. ఆయనకు తెలిసింది సగమే. మిగతా సగం తెలిసినవాళ్ళం ఇద్దరం. అందులో ఒకరు పోయారు.

మా ఊరినుంచి బేతంచెర్లకు పోయే దారిలో ఒక వంక అడ్డం వస్తుంది. ఏడాదిలో పది రోజులు పారితే గొప్ప. మిగతా రోజుల్లో ఇసుక, గులకరాళ్ళు, ముళ్ళకంప, మేకలు. దాని మీద వంతెన లేదు, చప్టా ఉంది. అంటే రోడ్డే వంకలోకి దిగి అవతల ఎక్కుతుంది. కింద మూడు తూములు. కొంచెం నీళ్ళొస్తే తూముల్లోంచి పోతాయి, ఎక్కువొస్తే రోడ్డు మీదుగా పోతాయి. చప్టా పొడుగునా రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్ళు పాతి ఉంటాయి. మా ఊరి వైపు మొదటి రాయి కొంచెం వెడల్పు. నీళ్ళు రోడ్డెక్కిన రోజున మామ టైరు చెప్పులు ఆ రాయి మీద ఉండేవి.

అది ఆయన పెట్టిన పద్ధతి. చెప్పులు రాయి మీద ఉన్నాయంటే మేస్త్రీ నీళ్ళలో ఉన్నాడని అర్థం. ఆయన తిరిగొచ్చి, కాళ్ళు దులుపుకుని, చెప్పులు తొడుక్కునేదాకా ఏ బండీ కదలకూడదు. గేటు లేదు, గొలుసు లేదు, ఎర్రజెండా కూడా లేదు. బస్సయినా, బండల లారీ అయినా, పెళ్ళి జీపయినా ఆ అరిగిన చెప్పుల ముందు ఆగేది.

నేను ఆగలేదు. బడి మానేసి ట్రాక్టరెక్కిన కొత్తలు. ఒక చోట కూర్చోలేకే తొమ్మిదిలో బడి మానేసినవాణ్ణి, వంక ముందు మాత్రం ఎలా కూర్చుంటాను? ఎదురుగా మోకాలి లోతు నీళ్ళు. నడిమధ్యలో మామ లుంగీ ఎగ్గట్టి, చేతిలో కట్టెతో, ఒక్కో అడుగూ ఆపి ఆపి వేస్తున్నాడు. కట్టె ఆనుకోవడానికే. చూసేది అరికాళ్ళతో. నేను హారన్ కొట్టాను. మళ్ళీ కొట్టాను. ట్రాక్టరును నీళ్ళ అంచుదాకా దించాను. ఆయన నింపాదిగా వెనక్కి వచ్చాడు.

"ఏమప్పా, నీ ట్రాక్టరుకు ఈత వస్తాదా?"

"మోకాలి లోతే గదా మామా. ఎద్దులబండి గూడా పోతాది."

"లోతు ఎవురడిగినారు నిన్ను? కింద రోడ్డు ఉండాదా లేదా అని సూస్తాండా."

"రోడ్డు యాడికి పోతాది మామా?"

"దిగు. సెప్పులిప్పు."

చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. అరికాళ్ళ కింద తారు గరుకుగా తగులుతోంది. సగం దూరం పోయాక ఆపాడు. "కుడికాలు ముందుకు పెట్టు. బరువెయ్యాకు" అన్నాడు. పెట్టాను. తారు అంచు అరికాలికి కత్తిలా తగిలింది. దాని అవతల ఏమీ లేదు. నీళ్ళ కింద నీళ్ళు. ఆయన తన కట్టెను అక్కడ దించితే నిలువునా మునిగిపోయింది. పైన చూస్తే మాత్రం అదే ఎర్రనీరు, అదే మట్టం, సన్నటి నురగ. ట్రాక్టరు అక్కడిదాకా వచ్చి ఉంటే నేనూ దానితోపాటు ఆ గుంతలోకి పోయేవాణ్ణి.

"ఇప్పుడు సెప్పు, యాడికి పోయినాది రోడ్డు?"

బయట నిలబడి వందమంది చూసినా కనపడనిది ఒక మనిషి కాలి కింద కనపడుతోంది. ఆ రోజు ట్రాక్టరు వెనక్కి తిప్పుకుని పోయాను గానీ, ఆ తారు అంచు తగిలిన చోట ఇప్పటికీ అప్పుడప్పుడూ జిల్లుమంటుంది.

ఆ తర్వాత పని లేనప్పుడల్లా ఆయన దగ్గరికి పోయేవాణ్ణి. ఎక్కడా నిలవని నేను ఆయన పక్కన గంటలు కూర్చునేవాణ్ణి. ఎందుకో మా అమ్మకు అర్థమయ్యేది కాదు. ఆయన పెద్దగా మాట్లాడేది కూడా లేదు. బీడీ తాగడు. టీ మాత్రం సాసర్‌లో పోసి, ఊదకుండా, చల్లారేదాకా చూస్తూ కూర్చునేవాడు. ఎండాకాలంలో, మేకలు కూడా నీడకు పోయే వేళ, చీపురూ పారా తట్టా పట్టుకుని వంకలోకి దిగి తూముల్లో ఇసుక తోడేవాడు. కంప లాగేవాడు. ఒక మేకలామె రోజూ ఆటపట్టించేది.

"ఏం మేస్త్రీ, సుట్టాలొస్తాండారా? ఇల్లూడుస్తాండావు?"

"వస్తారు మే. సెప్పి రారు, అదే తంటా."

నాతో ఒకసారి అన్నాడు: "వంక యాడికీ పోలేదప్పా. ఊరికి పోయినాదనుకో. ఒగ పొద్దు ఇంటికొస్తాది. వచ్చేతలికి మనం దాని మంచమ్మీద పండుకోనుంటే ఊరుకుంటాదా?"

నేను నవ్వాను. నవ్వి ఊరుకోలేదు, ఆ మంచం మీద రాళ్ళు పోశాను. ఓనరన్నా, మీకు తెలియని సగం ఇదే.

ఫ్యాక్టరీలో బండలు కోయగా మిగిలిన ముక్కలు, పాలిష్ పట్టగా మిగిలిన తెల్ల బురద రోజూ ఎత్తి పారేయాలి. మీరు పాత గని గుంటలో పోయమన్నారు. గుంట నాలుగు మైళ్ళు. వంక అర మైలు. వంక ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది, చూస్తే ఎవరిదీ కాని బీడులా ఉంటుంది. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అక్కడ పోసేవాళ్ళు, కానీ చప్టాకు ఎగువన, తూములకు అంత దగ్గరగా పోసింది నేనే. తొందరగా పని ముగించుకుని బేతంచెర్ల పోయి సినిమా చూడొచ్చు. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

మామ చూశాడు. "ఏమప్పా, వంక కడుపు నింపుతాండావు?" అన్నాడు.

"నీళ్ళొచ్చినప్పుడు సూద్దాంలే మామా."

"నీళ్ళొచ్చినప్పుడు సూసేదానికి ఏముంటాది? ఎత్తెయ్."

"ఎత్తుతాలే."

ఎత్తలేదు. మీకు చెబుతాడేమోనని రెండు రోజులు భయపడ్డాను. చెప్పలేదు. మూడో రోజు చూస్తే ఆయనే ఒక్కో ముక్కా ఎత్తి తట్టలో వేసుకుని గట్టు మీదికి మోస్తున్నాడు. ట్రాలీ ఎత్తడానికి నేను నొక్కేది ఒక్క మీట. అందులోంచి పడిన రాళ్ళు మోయడానికి ఆయనకు వారం పట్టేది. ఆయన ఖాళీ చేసిన చోటే నేను మళ్ళీ పోశాను. ఈ వాక్యం రాయడానికి పొద్దున్నుంచి మూడు టీలు తాగాను.

వరద వచ్చిన రోజు మా ఊళ్ళో ఎండ కాస్తోంది. ఇది బయటివాళ్ళకు నమ్మబుద్ధి కాదు. ఎగువన ఎర్రమల కొండల మీద మాత్రం మబ్బు కారునలుపుగా కూర్చుంది. నేను ట్రాక్టరు ఆపి టీ తాగుతున్నాను. మామ చప్టా పక్కన ఇసుక మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. లేచి, చెప్పులిప్పి రాయి మీద పెట్టాడు. వంకలో ఒక్క చుక్క లేదు.

మా ఊరినుంచి వచ్చిన బస్సు ఆగింది. డ్రైవరు, కండక్టరు, పది పన్నెండు మంది జనం దిగారు. ఒక ముసలామె కసిరింది. "ఏం మేస్త్రీ, ఇసకలో మునుగుతామా? ఆస్పత్రికి పోవాల నేను."

"ఒగ గడియ నిలబడవ్వా. నేను గూడా నిలబడినా గదా."

గడియ కూడా పట్టలేదు. ముందు నీళ్ళు రాలేదు. ముందు గాలి వచ్చింది, తడిమట్టి వాసనతో. మేకలన్నీ ఒక్కసారి తలలెత్తి ఎగువకు చూశాయి. తర్వాత చప్పుడు, బండల లారీలు పది ఒకేసారి గేరు మార్చి మెట్ట ఎక్కుతున్నట్టు. తర్వాత కంప వచ్చింది. మనిషెత్తు ముళ్ళకంప, వేళ్ళతో సహా లేచిన తుమ్మచెట్లు, ఒక తలుపు, ఎవరిదో నీళ్ళ డ్రమ్ము, అన్నీ దొర్లుకుంటూ ఒక గోడలాగా వచ్చాయి. ఆ గోడ వెనక నీళ్ళు. నీళ్ళు ఎర్రగా లేవు. తెల్లగా ఉన్నాయి. పాలలాగా. చూసినవాళ్ళంతా అదేదో వింత అనుకుని చేతులు జోడించారు. అది నేను పోసిన పాలిష్ బురద.

నా రాళ్ళు ముందుగా వచ్చి తూములు మూసేశాయి. వాటి మీద కంప పడింది. సున్నం కొట్టిన రాళ్ళకు చెట్లు తట్టుకున్నాయి. నేను చూస్తుండగానే చప్టా మీద ఒక కట్ట లేచింది. నీళ్ళకు ముందుకు దారి లేక వెనక్కి తిరిగాయి. చప్టా నుంచి మా ఊరి వైపు రోడ్డు ఎత్తయిన కట్ట మీద వస్తుంది. దాని పక్కనే, ఎగువన, పల్లంలో కొత్త కాలనీ. నలభై ఇళ్ళు. అందరూ కూలికి పోయే వేళ. ఇళ్ళల్లో ఉన్నది ముసలివాళ్ళూ, ఉయ్యాలల్లో పిల్లలూ. నీళ్ళు మొదటి ఇంటి మెట్టు ఎక్కాయి.

మామ అరవలేదు. రోడ్డు ఎంత పొడుగుందో ఒకసారి అటూ ఇటూ చూశాడు. ఆ రోడ్డులో గుంత పడితే పూడ్చిందీ, తారు పోస్తే చదును చేసిందీ ఆయనే. పక్కలు కోసుకుపోకుండా ఏళ్ళ తరబడి మట్టి వేసిందీ ఆయనే. తన రాయికి ఇవతల ఒక చోట నిలబడి కాలితో గీత గీశాడు.

"ఈడ తెంపల్ల."

"రోడ్డు తెంపుతావా మేస్త్రీ? నీ ఉద్యోగం పోతాది" అన్నాడు కండక్టరు.

"ఉద్యోగం మల్ల సూద్దాం. గడ్డపార పట్టుకో నువ్వు."

రోడ్డు పనికని ఆయన దాచిన పారలు, గడ్డపారలు టీ అంగడి వెనక ఉన్నాయి. నేను, కండక్టరు, బస్సులో జనం, ఆస్పత్రికి పోవాల్సిన ముసలామె కూడా తట్ట పట్టింది. తారు పగలగొట్టాం. కింద కంకర. దాని కింద ఎర్రమట్టి. ఎగువ నీళ్ళు పాదాలదాకా వచ్చాయి. మూరెడు వెడల్పు కాలువ తీయగానే మామ అందరినీ వెనక్కి పొమ్మన్నాడు. "సాలు. మిగతాది అది సేసుకుంటాది."

సన్నటి తెల్లటి నీటి తీగ ఒకటి ఆ కాలువలోంచి అవతలికి జారింది. చిన్నపిల్లవాడు దూకి దాటగలిగినంత. తర్వాత రోడ్డు కింది మట్టి ముద్దలు ముద్దలుగా ఊడింది. ఆ తర్వాత నేను చూసింది చెబితే నమ్మరు. తారు పొర అంచు పైకి లేచి, చాప చుట్టినట్టు చుట్టుకుంటూ, నల్లగా మెరుస్తూ, నీళ్ళ మీద పోయింది. మనం బరువైనదని అనుకునేదేదీ బరువు కాదు. అడుగుల కొద్దీ రోడ్డు, మధ్యలో తెల్ల గీతతో సహా, మా కళ్ళముందు లేచి పోయింది. ముసలామె తట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. నీళ్ళు అవతలి బీడులోకి పడి, దిగువన మళ్ళీ వంకలో కలిశాయి. కాలనీలో మెట్టు ఎక్కిన నీళ్ళు మెట్టు దిగాయి.

సాయంత్రానికి నీళ్ళు తగ్గాయి. మాకూ చప్టాకూ మధ్య పెద్ద గండి. గండికి అవతల, సగం విరిగిన చప్టా మొదట్లో, ఆ రాయి. రాయి మీద చెప్పులు. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మామ వాటిని చూసి నవ్వి, ఉత్త కాళ్ళతో ఇంటికి పోయాడు. మర్నాడు నేను గండిలోకి దిగి తెచ్చిచ్చాను.

మూడు నెలలు బస్సు రాలేదు. బండల లారీలు చుట్టూ తిరిగి పోయాయి. అన్నా, మీకు నష్టం వచ్చింది, నాకు తెలుసు. ఆ కోపమే నిన్నటి మాట. కానీ విచారణకు ఇంజనీరు వచ్చిన రోజున మీరు ఊళ్ళో లేరు. నేను ఉన్నాను. గండి ఒడ్డున మామకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను.

"రోడ్డు ఎవరు తెంపారు?"

"నేనే సార్."

"ఎవరి ఆర్డరు?"

"అడిగే టైము లేకపాయె సార్."

"తూములు ఎందుకు మూసుకుపోయాయి?"

మామ నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేవాణ్ణేమో. "ఊడ్చేది నా పని సార్" అన్నాడు. "సరింగా ఊడ్చలేదు."

ఆ మాట కాగితం మీద రాసుకున్నారు. ఊరంతా అదే నమ్మింది. మీరూ అదే నమ్మారు. ఎండలో ఒంటరిగా ఆ తూములు ఊడ్చిన మనిషిని, ఊడ్చలేదని. రిటైరయ్యేదాకా ఆయన్ని ఇంకో రోడ్డుకు మార్చారు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి అడిగాను, నా పేరు ఎందుకు చెప్పలేదని. సాసర్‌లో టీ చల్లారుతోంది. "నీ పేరు సెప్తే నిన్ను పనిలోంచి తీస్తారు. తీస్తే ట్రాక్టరు ఎవురు తోలుతారు? ఆ రాళ్ళన్నీ ఎత్తేదానికి నాకు ట్రాక్టరు గావాల" అన్నాడు. అంతే. తిట్టలేదు, సుద్దులు చెప్పలేదు. వచ్చే ఆదివారం పొద్దున్నే రమ్మన్నాడు.

ఎనిమిది ఆదివారాలు ఎత్తాం. ఆయన గడ్డపారతో లేపితే నేను ట్రాలీలో వేసేవాణ్ణి. నాలుగు మైళ్ళు తోలి గని గుంటలో పోసేవాణ్ణి. ఆ తర్వాత నీళ్ళలో నడవడం నేర్పాడు. మడమ ముందు పెట్టకూడదు. వేళ్ళతో తడమాలి. గరుకుగా తగిలితే తారు, జారితే బురద, చల్లగా లోపలినుంచి లాగినట్టుంటే కింద ఖాళీ. "కన్నుకు తొందరెక్కువప్పా" అనేవాడు. "కాలు అబద్ధం సెప్పదు." కొత్త చప్టా వేశారు. మామ రిటైరయ్యాడు. అయినా నీళ్ళొచ్చిన రోజున ఆయన చెప్పులు రాయి మీదికి వచ్చేవి. జీతం లేకుండా ఎందుకు మామా అంటే, నా మొహంలోకి వింతగా చూసేవాడు. వంకకు ఆ సంగతి చెప్పావా అన్నట్టు.

తూములు మూసింది నేనన్నా. ఆయన కాదు. ఇది రాయడానికి ఆయన పోయేదాకా ఆగాను. నిన్న ఆ పప్పు గరిటె దాకా ఆగాను. పనిలో ఉంచుతారో, తీస్తారో మీ ఇష్టం. ట్రాక్టరు తాళం ఫ్యాక్టరీ కిటికీలో పెట్టి వచ్చాను. ఊళ్ళో ఎవరైనా ఆయన్ని రోడ్డు తెంపినవాడు అంటే, అనండి, తెంపాడు. ఎందుకు తెంపాల్సి వచ్చిందో కూడా దాంతోపాటు చెప్పండి. ఆ నలుగురి ముందే చెప్పండి.

నిన్న అందరూ పోయాక అత్త నన్ను లోపలికి పిలిచింది. గుడ్డలో చుట్టిన టైరు చెప్పులు చేతిలో పెట్టింది. "ఇవి ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదప్పా. యాడ పెట్టాల్నో నీకు తెలుసు గదా" అంది.

ఇదంతా వంక దగ్గర టీ అంగడి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. పొద్దున ఎర్రమల మీద మబ్బు చూసే ఇటు వచ్చాను. రాస్తుండగానే కంప వచ్చింది, నీళ్ళు వచ్చాయి. ఈసారి తెల్లగా లేవు, ఎర్రగా ఉన్నాయి. తూములు మింగినంత మింగాయి. మిగతావి చప్టా మీద మోకాలి లోతుగా పోతున్నాయి. చెప్పులు రాయి మీద పెట్టాను.

ఇప్పుడే బస్సు వచ్చింది. డ్రైవరు పాతాయనే, చాలా రోజుల తర్వాత ఈ దారికి వచ్చాడు. మామ పోయిన సంగతి తెలియదు. రాయి మీద చెప్పులు చూసి ఇంజను ఆపేశాడు. దిగి వచ్చి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ అడిగాడు.

"మేస్త్రీ యాడుండాడు, కనపడ్డంలే?"

టీ అంగడామె నా వైపు చూసింది. బస్సు కిటికీల్లోంచి జనం కూడా చూస్తున్నారు. కట్టె తీసుకున్నాను. కాళ్ళకు చెప్పులు లేవు. నేను పోవాలి.